వాన వెలిసిన రోజు పైడమ్మత్త

ఈ ఉదయం గాజువాకలో మా మేడ మీదికి వెళ్లేసరికి తడిసిన మట్టి ఎండలో ఆరుతున్న వాసన వచ్చింది. వాన పడేటప్పుడు వచ్చే వాసన కాదది, దాన్ని అందరూ ఇష్టపడతారు. ఇది వాన ఆగిపోయి, మంచి ఎండ కాసిన మొదటి పూట, మట్టి లోపలి తడి ఆవిరై పైకి వచ్చేటప్పటి వాసన. పక్క ఖాళీ స్థలంలో ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పోయించిన మట్టిగుట్ట మీంచి వస్తోంది. మాఘమాసంలో ఈ ముసురేమిటని రోజుల తరబడి తిట్టుకున్న జనమంతా మేడలెక్కి దుప్పట్లూ పరుపులూ ఆరేస్తున్నారు. పక్కింటావిడ, "హమ్మయ్య, బతికాం కదండీ" అంది. అవునండీ అన్నాను. అన్నానే గాని, వాన కురిసినన్నాళ్లూ నిక్షేపంగా నిద్రపోయిన దాన్ని, ఎండ చూసి బెదిరిపోయాను. ఈ పిచ్చి అసలు నాది కాదు. మా చోడవరం పైడమ్మత్తది. నాకు అంటించి తను పోయింది.

మాది ఊరి చివర, చెరుకు తోటలకు ఆనుకుని ఉన్న వీధి. ఇప్పుడక్కడ అన్నీ స్లాబు ఇళ్లే గాని, నా చిన్నప్పుడు అన్నీ మట్టిగోడలు, తాటాకు కప్పులు. పైడమ్మత్త మా ఎదురింట్లో ఒంటరిగా ఉండేది. చుట్టరికం ఏమీ లేదు, వీధిలో పిల్లలందరికీ ఆమె అత్తే. చెరుకు నరకడానికీ కలుపు తీయడానికీ కూలికి వెళ్లేది. మనిషి పుల్లలా ఉండేది, నోరు మాత్రం వీధి మొత్తానికి సరిపోయేది. వాన పడుతున్నంతసేపూ ఆమె గొంతు వినిపించేదే కాదు. వాన వెలిసి ఎండ కాసిందా, ఇక ఆమెను పట్టడం ఎవరి తరమూ కాదు. చెరుకు గడ ఒకటి చేత పట్టుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా తిరిగేది. గోడ పక్కన ఎవరు కనిపించినా తరిమేసేది.

నాకు బాగా గుర్తున్న మొదటి సంగతి అదే. నేనూ తమ్ముడూ మా ఇంటి దక్షిణపు గోడకు వీపులు ఆనించి కూర్చున్నాం. ముసురు పోయాక ఆ గోడ వెచ్చగా, పొయ్యి మీంచి దించిన కుండలా ఉండేది. అంత హాయి ఇంకెక్కడా లేదు. గడ వచ్చి నా కాళ్ల పక్కన పడింది.

"ఒసే గుంటా, నెగు. బేగి నెగు. ఆ గోడ నీకేటి సుట్టమా, ఆనుకుని కూకున్నావు?"

తమ్ముడు ఏడుపు లంకించుకున్నాడు. వాకిట్లో పళ్లు తోముకుంటున్న నాన్నకు నవ్వొచ్చింది. ఆయన ఆమెను అక్క వరస చేసి పైడప్పా అని పిలిచేవాడు. "వానంతా నిలబడ్డ గోడ ఎండకి పడిపోద్దేటే పైడప్పా?" అన్నాడు.

"తడిసినంతసేపూ నిలబడతాదిరా నాయుడూ. ఆరినప్పుడే బీటేస్తాది."

"ఏటి, గోడగాని నీ సెవిలో సెప్పిందేటి?"

వీధంతా నవ్వింది. పిల్లలం "ఎండొచ్చింది, పైడమ్మొచ్చింది" అని పాట కట్టి ఆమె వెనక తిరిగాం. ఆమె మాకు గడ చూపించి పక్కింటి వాళ్లను లేపడానికి వెళ్లిపోయింది. నిజం చెప్పాలంటే ఏళ్ల తరబడి మా వీధిలో ఏ గోడా పడలేదు. ఏటా ఆమె అరవడం, ఏటా జనం నవ్వడం, గోడలు మాత్రం ఎక్కడివక్కడే ఉండటం. ఆమె స్థానంలో ఇంకొకరుంటే సిగ్గుపడి మానుకునేవారు.

ఆమె మాట వినేది మా అమ్మ ఒక్కతే. ఎండ కాయగానే మంచం వీధిలోకి లాగేది, వంట వాకిట్లో చేసేది, గోడ బాగా ఆరేదాకా మమ్మల్ని బయటే పడుకోబెట్టేది. నాన్న విసుక్కుంటే అమ్మ ఒకసారి అంది: "పడతాదని నాకూ నమ్మకం నేదు. ఆ మనిసికో ఆడగుంట ఉండేది. గోడ కింద పడి పోనాది. మనం మంచం లాగితే ఆవిడి పేణం కుదుటపడతాది. మనకి పోయిందేటి?" అమ్మ మంచం లాగింది గోడకు భయపడి కాదు, మనిషి మీద జాలితో. ఈ రెండింటికీ ఉన్న తేడా అప్పుడు నాకు తెలియదు.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్న ఏడాది మాఘంలో ముసురు పట్టుకుంది. అంత వాన ఆ నెలలో మా వైపు ఎవరూ ఎరగరు. మామిడి పూత నల్లబడి రాలిపోయింది. చెరుకు తోటల్లో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి, బెల్లం పొయ్యిలు ఆరిపోయాయి. బుచ్చయ్యపేట వైపు కూలికి వెళ్లే వాళ్లంతా ఇళ్లలో ముడుచుకుని కూర్చున్నారు. పైడమ్మత్త ఇంటి కప్పు కారి కారి, ఆమె తడి నేల మీదే పడుకుని జ్వరం తెచ్చుకుంది. అమ్మ రోజూ గోనెసంచి నెత్తిన వేసుకుని వెళ్లి ఆమెకు జావ తాగించి వచ్చేది.

తర్వాత ఒక ఉదయం లేచేసరికి ఆకాశం కడిగి తుడిచినట్టుంది. ఎండ అంటే అదీ ఎండ. చలీ లేదు, ఉక్కా లేదు. ఎక్కడో కోయిల కూడా కూసింది. ఆడవాళ్లు తడి బట్టలన్నీ బయటికి తెచ్చారు. వీధంతా పండగలా ఉంది గాని ఏదో తక్కువైనట్టు తోచింది. తమ్ముడు పట్టేశాడు. "పైడమ్మత్త రానేదేటమ్మా?" అన్నాడు.

"జొరం కదరా, నెగలేకపోతంది" అంది అమ్మ. తర్వాత నవ్వింది. "పోన్లే, ఈయేటికి మంచం లాగే పని తప్పింది."

అమ్మ ఎదురింట్లోంచి పైడమ్మత్త బొంత పట్టుకొచ్చి, నీళ్లు పిండి, మా దక్షిణపు గోడకు ఆరేస్తోంది. తడి బొంత మీద పడుకుంటే జ్వరం ఎలా తగ్గుతుందని తనలో తనే సణుక్కుంటోంది. మేం బడికి వెళ్తూ చూసింది అదే.

మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టకముందే పక్కింటి బాబాయి బడికి వచ్చాడు. ఏమైందో చెప్పలేదు, తమ్ముణ్ణి ఎత్తుకుని నన్ను చెయ్యి పట్టుకుని నడిపించాడు. మేం వెళ్లేసరికి మట్టి తవ్వి తీయడం అయిపోయింది. అమ్మను తలుపు చెక్క మీద పడుకోబెట్టారు. జుట్టు నిండా మట్టి. గోడ పడ్డప్పుడు పెద్ద చప్పుడు కూడా రాలేదట, బస్తా దించినట్టు వచ్చిందట. బొంత ఆరిందో లేదో చూడటానికి వెళ్లిందని పక్కింటి పిన్ని చెప్పింది. మట్టిలోంచి ఆ బొంత అంచు కనిపిస్తూనే ఉంది. ఎండ అలాగే కాస్తోంది.

పైడమ్మత్త తలుపు పట్టుకుని, కంచె పట్టుకుని ఎలాగో వీధిలోకి వచ్చింది. నాన్న ఆమె వంక చూశాడు. తిట్టలేదు. తెలియక అడుగుతున్న వాడిలా అడిగాడు.

"ఏటేటా అరిసి సస్తావు గదే అప్పా. ఈయేడేటైపోనావు?"

ఆమె నడివీధిలో కూలబడింది. "పడుకుండిపోనానురా" అంది.

కర్మలన్నీ అయ్యాక ఒక పొద్దున్న నూనె గిన్నె, దువ్వెన పట్టుకుని మా ఇంటికి వచ్చింది. నన్ను నడివీధిలో కూర్చోబెట్టి తల దువ్వింది. ఆ రోజు నుంచి నా పెళ్లయ్యేదాకా నాకు జడ వేసింది ఆమే. వానైతే వీధి చివరి పాకలో, ఎండైతే సరిగ్గా వీధి మధ్యలో. అరుగు మీద కాదు, నీడలో కాదు, ఏ గోడకూ దగ్గరగా కాదు. చెరుకు ట్రాక్టర్లు వచ్చి హారన్లు కొట్టేవి.

"పక్కకి తప్పుకోయే ముసిలీ" అనేవాడు డ్రైవరు.

"నువ్వే తప్పుకోరా. ఈ రోడ్డు మీ బాబు ఏసేడేటి?"

నాకు సిగ్గుతో చచ్చినంత పనయ్యేది. పెద్దదాన్నవుతున్నాను, బడిపిల్లలంతా ఆ దారినే పోతారు. కదిలితే దువ్వెనతో నెత్తి మీద ఒక్కటి వేసేది. కోపంగా వేసేది, జడ మాత్రం మెత్తగా అల్లేది. ఒకనాడు నూనె రాస్తూ, నేనేమీ అడగకుండానే మొదలుపెట్టింది.

"నా గుంటకి నీకన్నా ఒత్తుగా ఉండేదే జుట్టు. వాన్లన్నాళ్లూ తలంటు నేదు. ఎండొచ్చింది గదాని తలంటేను. గోడకాడ యెచ్చగుంటాది, కూకుని ఆరబెట్టుకోయే అన్నాను. నానే సెప్పేను. లోపల కూడొండతన్నాను."

దువ్వెన నా తలలోనే ఆగిపోయింది.

"ఈ మాట ఎవరికైనా సెప్పేవా అత్తా?"

"ఎవులికి సెప్తాను? గోడకాడ కూకోవద్దని ఊరందరికీ సెప్తన్నాను గదా."

నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆమె మొహం చూడాల్సి వస్తుందని భయమేసింది. కాసేపటికి దువ్వెన మళ్లీ కదిలింది.

ఆ తర్వాతి ఏళ్లలో వాన వెలిసి ఎండ కాస్తే మా వీధిలో ఎవరూ నవ్వలేదు. ఆమె గడ పట్టుకుని వచ్చేసరికే నాన్న మంచం వీధిలో ఉండేది. ఆమెకు పక్కా ఇల్లు వచ్చాక కూడా, ముసురు పోయిన రాత్రుళ్లు వీధిలోనే చాప వేసుకునేది. ఒక వేసవిలో ముసలితనంతోనే పోయింది. గోడలతో పేచీ లేని చావు. అమ్మ మీద నాకు చాలాకాలం కోపం ఉండేది, ఆ ఒక్క పూట ఎందుకు మంచం లాగలేదని. ఇప్పుడు అర్థమవుతోంది. జాలితో చేసే పని, ఆ మనిషి గడ పట్టుకుని ఎదుటికి రాకపోతే ఆగిపోతుంది. భయంతో చేసేది ఆగదు. అందుకే కాబోలు, పైడమ్మత్త నాకు ఇంకేమీ నేర్పకుండా ఆ భయమే జడలో పెట్టి అల్లింది. నలుగురూ హమ్మయ్య అనుకునే పూట నాలో అది మేలుకుంటుంది.

మేడ దిగి తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు చోడవరంలో పాత చోటే స్లాబు ఇల్లు కట్టుకున్నాడు. మా పాత ఇంటి గోడల్లో ఒకటి మాత్రం వాడి పశువుల శాలకు వెనక గోడగా ఇంకా నిలిచి ఉంది.

"ఒరే, మంచం ఎక్కడేసేవు?"

"శాల గోడకాడ. ఎండ బాగుందే అక్కా."

"లాగు."

"సిమెంటు పూయించేను గదే. ఏటేటా ఏటే నీ గోల?"

"లాగరా. ఫోను పెట్టీయకు, నాకు వినపడాల."

వాడు ఏదో గొణిగాడు. తర్వాత మంచం కోళ్లు నేల మీద గీసుకుంటున్న చప్పుడు వినిపించింది, ఆగింది.

"సాలా?" అన్నాడు.

"ఇంకాస్త" అన్నాను.

మళ్లీ చప్పుడు. ఈసారి దాని వెనకే ట్రాక్టరు హారను వినిపించింది, ఎవడో తప్పుకోమని అరుస్తున్నాడు.

"నడీదిలోకి ఒచ్చీసేనే అక్కా" అన్నాడు తమ్ముడు.

"అక్కడే ఉండు" అన్నాను.