వెబ్‌సాకెట్‌లో చిక్కిన తెల్లచీర

2022 మే నెల, పెళ్ళిళ్ళ కాలం. విజయవాడలో వీరభద్రం గారి చేనేత చీరల షాపు, కంకిపాడులో ఆయన తమ్ముడి షాపు. రెండింటికీ కలిపి ఒకటే జావా వెబ్ అప్లికేషన్, నేను రాసిందే. అప్పటికి దానికెంత వయసొచ్చిందంటే, బటన్ నొక్కి గుణదల వెళ్ళి టీ తాగొచ్చినా పేజీ ఇంకా ఆలోచిస్తూనే ఉండేది. ఇందులో అతిశయోక్తి టీ వరకే.

చేనేతలో ఏ చీరకి ఆ చీరే. సరుకంతా విజయవాడలో ఉంటే, కంకిపాడులో టీవీ మీద ఫొటో చూపించి అమ్మేవారు. ఇక్కడ అమ్ముడైన సంగతి అక్కడ పేజీ రిఫ్రెష్ చేస్తేగాని తెలియదు. ఒకే చీరని రెండు పెళ్ళిళ్ళకి మాటిచ్చేసిన రోజున వీరభద్రం గారు నన్ను పిలిపించారు.

"ఇంకోసారి ఇలా అయితే మీ కంప్యూటర్ని కృష్ణలో కలిపేస్తానండి."

"కంప్యూటర్ మీదేనండి. నాది ప్రోగ్రామే."

"అయితే మిమ్మల్నే కలుపుతా."

దీనికి మందు వెబ్‌సాకెట్. మామూలు పేజీ అడిగితేనే జవాబిస్తుంది. వెబ్‌సాకెట్ పెట్టెయ్యని ఫోను లాంటిది, సర్వరే తనంతట తాను కబురు చెప్పగలదు. సర్వర్ వైపు ఆ ఫోను ఎత్తే చోటే ఎండ్‌పాయింట్. అంతా కొత్తగా రాయించుకోమని ఆయనకి చాలామంది చెప్పారు. నేను పాతదానికే ఒక జావా క్లాసు, అంటే చిన్న ప్రోగ్రాం ముక్క, తగిలించాను. ఒక కౌంటర్లో చీర పక్కన పెడితే అన్ని తెరల మీదా ఎర్రబడుతుంది. ఆ కౌంటరు లైను తెగితే, మనిషి వెళ్ళిపోయినట్టు లెక్కేసి చీరని వదిలేసి మళ్ళీ పచ్చగా చూపిస్తుంది.

మొదటిరోజు ఉదయం రద్దీలో బ్రహ్మాండంగా నడిచింది. మధ్యాహ్నం గుణదల నుంచి అగ్నేసమ్మ గారు వచ్చారు. మనవరాలు చర్చిలో పెళ్ళికి కట్టుకోవడానికి సన్న జరీ అంచు తెల్లచీర ఏరారు.

"ఇది పక్కన పెట్టించు బాబూ. పిల్ల దార్లో ఉంది, వచ్చి భుజాన వేసుకుని చూస్తుంది" అని, చీర ఒళ్ళో పెట్టుకుని, జపమాల తీసి కళ్ళు మూసుకున్నారు. నేను తెర మీద దాన్ని మా కౌంటరు పేరున పక్కన పెట్టాను. భోజనాల వేళ, రెండు షాపుల్లోనూ కదలిక లేదు.

ఉన్నట్టుండి తెర మీద ఆ చీర పచ్చబడింది. మరుక్షణం మళ్ళీ ఎర్రబడింది, కంకిపాడు పేరుతో.

"చీర ఆవిడ ఒళ్ళో ఉంటే కంకిపాడు వాళ్ళు పక్కన పెట్టడమేంటండీ?" అన్నారు వీరభద్రం గారు. ఇంకో పెళ్ళివారి దగ్గర మాట పోతే ఆ షాపుకి మిగిలేదేం లేదు.

సర్వర్ రాసుకునే చిట్టా, లాగ్, చూశాను. టైమౌట్. సర్వర్ ముందు కాపలా కాసే ప్రాక్సీ, నిమిషంపాటు లైన్లో మాటల్లేకపోతే ఫోను పెట్టేస్తోంది. ఉదయం కబుర్లు ఆగలేదు కాబట్టి లైను తెగలేదు. ఇప్పుడు మాది తెగింది, పేజీ వెంటనే తనే కలుపుకున్నా చీర అప్పటికే చేజారింది.

"మీ తమ్ముడికి ఫోన్ చేయండి. మాటిచ్చారేమో కనుక్కోండి."

"ఇంకా లేదన్నయ్యా" అన్నాడు తమ్ముడు స్పీకర్లో. "పెళ్ళివారు టీవీ ముందు నిలబడి చూస్తున్నారు. ఒక్కళ్ళూ నోరు విప్పట్లేదు."

"విప్పించొద్దు. మౌస్ కూడా ముట్టుకోకండి" అన్నాను. వీరభద్రం గారివైపు తిరిగి, "నిమిషం కదలిక లేకపోతే వాళ్ళ లైనూ తెగుతుంది. చూస్తూ ఉండండి, అదే వచ్చేస్తుంది" అంటూ గారడీవాడిలా తెర మీద చెయ్యి తిప్పాను.

వచ్చింది. పచ్చబడగానే మళ్ళీ మా పేరున పక్కన పెట్టేశాను. పెళ్ళికూతురు వచ్చి, చూసి, నవ్వేదాకా ఆ లైను నిద్రపోకుండా మౌస్‌తో గిల్లుతూ కూర్చున్నాను. కంకిపాడు వాళ్ళు వేరే చీర చూసుకున్నారు.

"ఏంటి బాబూ హడావిడి?" అన్నారు అగ్నేసమ్మ గారు.

"ఏం లేదు మామ్మగారూ. మీ ప్రార్థన కంకిపాడు దాకా వెళ్ళొచ్చింది."

ఆ సాయంత్రమే సర్వర్ చేత ప్రతి కౌంటర్నీ మధ్యమధ్యలో "ఉన్నారా?" అని అడిగించడం మొదలుపెట్టాను. దాన్ని పింగ్ అంటాం. లైను తెగినా సరే, కౌంటరు వదిలేయమంటేనే చీర వదులుతుంది. ముసలిదన్న ఆ అప్లికేషన్ ఈరోజుకీ నడుస్తోంది. ఆ తర్వాత చాలా ఎండ్‌పాయింట్లు రాశాను గాని, మాట్లాడని మనిషిని వెళ్ళిపోయిన మనిషిగా ఎక్కడా లెక్కేయలేదు. చీరల షాపులో మాట్లాడకుండా కూర్చున్నవాళ్ళే కొనేవాళ్ళు.