నలుగురం కలిసి ఎక్కిన కాటా

మేస్త్రి పోయారని అప్పారావు ఫోన్ చేసినప్పుడు నేను మందుల కొట్టు షట్టరు సగం ఎత్తి, వంగి లోపలికి దూరుతున్నాను. "మందులబాబూ, మేస్త్రి పోయేరు. ఇప్పుడే. ఆస్పత్రిలోనే ఉన్నాను" అన్నాడు. "మొన్ననే కదా పందెంలో దిగేం" అన్నాను నేను. పందెంలో పడవ నడిపిన మనిషి నెల తిరక్కుండా చచ్చిపోకూడదని ఎక్కడో రాసి ఉన్నట్టు. నేను షట్టరు కింద అలాగే వంగి ఉండిపోయాను. వెనకాల ఎవరో చీటీ పట్టుకుని బీపీ మాత్రలు అడుగుతున్నారు. ఆ మనిషికి మాత్రలిచ్చానో లేదో ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

మీలో చాలామందికి ఆయన తెలియకపోవచ్చు. చోడవరం చుట్టుపక్కల చెరకు వేసేవాళ్ళకి మాత్రం లేత్ మేస్త్రి అంటే చాలు. గానుగ రోలరు అరిగినా, ట్రాక్టరు ఇరుసు విరిగినా ఆయన వర్క్‌షాపు ముందే తెచ్చి పడేసేవాళ్ళు. నా కొట్టు ఆ పక్కనే. ఇరవై ఏళ్ళు ఆ లేత్ చప్పుడు వింటూ మందులమ్ముకున్నాను. ఇప్పుడు కొట్లో కూర్చుంటే నా చెవులకే ఏదో అయినట్టుంది.

ఆయనకి ఒక పడవ ఉండేది. చోడవరంలో పడవేమిటని మీరు నవ్వుతారు. మేమూ నవ్వాం. చేపలు పట్టే పడవ కాదది, తెరచాపతో పందేల్లో పరిగెత్తే పడవ. ఇరవై రెండడుగుల పొడుగు, గుడ్డు పెంకులాంటి ఒళ్ళు. అడుగున నిలువుగా ఒక ఇనప పలక, దాని కొసన సీసం దిమ్మ. దాన్ని కీల్ అంటారు. గాలి ఎంత కొట్టినా పడవ బోర్లా పడకుండా అదే పట్టి ఉంచుతుంది. ఆ పైన కావలసిన బరువంతా మనుషులే. గాలి వచ్చే వైపు అంచు మీద వరసగా కూర్చుని, వీపులు నీళ్ళ మీదికి వాల్చి, పడవ మరీ ఒరిగిపోకుండా చూడాలి. ఇంజను లేదు కదా అని ఎవరైనా అడిగితే, మా పొట్టలే ఇంజను అని చెప్పేవాడు అప్పారావు.

ఆ పడవ దొరికిన తీరు కూడా చెప్పాలి. విశాఖలో తెరచాప పడవల క్లబ్బు వాళ్ళు ఏదో పడవకి కీల్ బోల్టులు చెయ్యమని మేస్త్రిని పిలిపించారు. అక్కడ ఒక మూల ఒళ్ళు పగిలి, బోల్టులు తుప్పుపట్టి, పనికిరాదని వదిలేసిన ఇంకో పడవ ఉంది. ఈయన దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, అడుగున చెయ్యి పెట్టి నిమిరి, నాకిచ్చెయ్యండి అన్నారట. చోటు కలిసొస్తుందని వాళ్ళు ఇచ్చేశారు. అప్పారావు గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలే లారీ డ్రైవరు. ఖాళీ లారీ మీద కట్టి తీసుకొచ్చాడు. అనకాపల్లి నుంచి దారి పొడుగునా జనం టీ గ్లాసులతో రోడ్డు మీదికొచ్చి చూశారట. మేస్త్రి భార్యని నేను వదిన అంటాను. ఆవిడ గుమ్మంలో నిలబడి, పడవని కొసనుంచి కొసదాకా చూసి, "ఇదొచ్చింది సరే, సముద్రం ఎప్పుడు తెస్తారు?" అని లోపలికి వెళ్ళిపోయింది.

రెండు వానాకాలాలు ఆ పడవ రిపేరుకొచ్చిన గానుగల మధ్య బోర్లా పడుకుంది. పగుళ్ళు పూడ్చి, నీళ్ళలో తడిపిన ఎమరీ కాగితంతో సాయంత్రమంతా రుద్దేవారు. నునుపు తేలిందో లేదో చూడటానికి చెంప ఆనించేవారు. "సెయ్యికి కాయలున్నాయిరా, దానికేటి తెలస్తది. సెంపకి తెలస్తది" అనేవారు. అటుగా పోయేవాళ్ళు, మేస్త్రి పడవతో సరసాలాడుతున్నాడని ఎగతాళి చేస్తే ఆయనా నవ్వేవారు.

మేం నలుగురం జట్టు. చుక్కాని మేస్త్రిది. తెరచాప తాళ్ళు అప్పారావు, సత్తిబాబు చూసుకునేవారు. సత్తిబాబుది బుచ్చయ్యపేట, వరీ చెరకూ వేస్తాడు. నా పని ప్రధానంగా కూర్చోవడం. నేను లావుగా ఉంటాను, దాచడానికేం లేదు. గాలి ఎక్కువున్న రోజున నన్ను మించిన మొనగాడు లేడు. గాలి లేని రోజున నాలాంటి దండగ ఇంకొకటి లేదు.

బరువంటే మేస్త్రికి పగ. పడవలో అక్కర్లేనిది ఏదున్నా దించేసేవారు. నీళ్ళు తోడే మగ్గుకి పిడి కోసేశారు. సత్తిబాబు మొలతాడుకున్న తాళంచెవులు ఒడ్డున పెట్టించారు. ఒకసారి నేను స్టీలు క్యారేజీలో పులిహోర తెస్తే, "గాలి మనల్ని మొయ్యడమే గగనం. నీ పులిహోర కూడా మొయ్యాలా?" అని జెట్టీ మీదే తినిపించారు. నిజం చెప్పొద్దూ, ఆ తేలిక నాకూ ఇష్టమే. చిన్న గాలి రేగితే చాలు, పెద్ద పడవలు ఇంకా ఆలోచిస్తూ ఉండగానే మాది ఉరికేది. యారాడ కొండ పక్కకి జరిగిపోతూ ఉంటే, నాలుగు వీపులూ తడుస్తూ ఉంటే, వర్క్‌షాపులో రోజుకి పది మాటలు మాట్లాడని ఆ మనిషి నోరు మూసేవారు కాదు.

కిందటేడు పందెంలో దెబ్బతిన్నాం. ఆ తరహా పడవకి ఒక నియమం ఉంది. జట్టు మొత్తం బరువు మూడు వందల కిలోలు దాటకూడదు. నలుగురినీ కలిపి తూస్తే మేం మూడు వందల తొమ్మిది వచ్చాం. ఒకరు దిగాలి. ఎవరు దిగాలో చెప్పడానికి మళ్ళీ తూచక్కర్లేకపోయింది. ముగ్గురూ వెళ్ళారు. గాలి పెరిగి, ముగ్గురి బరువు చాలక, పడవ ఒరిగి ఒరిగి చివరికొచ్చింది. నేను జెట్టీ మీద వాళ్ళ చెప్పులకి కాపలా. తిరిగి వచ్చాక మేస్త్రి ఓడిపోయిన మాట ఎత్తలేదు. "వచ్చే ఏడు నిన్ను దించను. అందరం తలో కొంచెం తగ్గుదాం" అన్నారు.

ఆ మర్నాడు నా కొట్లోని బరువు మిషను ఎక్కితే తొంభై ఆరు. భయమేసి, మళ్ళీ దాన్ని ఎక్కలేదు. సాయంత్రం బజ్జీలు మానేశాను. మానేశానని అనుకున్నాను.

ప్రతి నెలా ఒకటో తేదీన బెల్లం షావుకారు యార్డులో దిమ్మలు తూచే పెద్ద కాటా ఎక్కేవాళ్ళం. మొదటిసారి సత్తిబాబు నన్ను చూసి నవ్వుతూ, ఒక్కొక్కరం ఎక్కితే ఎవరు ఎగ్గొడుతున్నారో తెలిసిపోతుందన్నాడు. మేస్త్రి ఒప్పుకోలేదు. "పడవకి మనం నలుగురం కాదురా, ఒకటే బరువు. కలిసే ఎక్కుదాం" అన్నారు. అది నా పరువు కాపాడటానికి అన్న మాట. నాకు అప్పుడే తెలుసు. ఒకరి భుజాలొకరు పట్టుకుని నలుగురం ఇరుక్కుని నిలబడితే షావుకారు ముల్లు చూసి చెప్పేవాడు. మూడు వందల ఆరు. మూడు వందల మూడు. తగ్గినప్పుడల్లా కేకలు పెట్టేవాళ్ళం. అందులో ఎక్కువ భాగం నా బజ్జీల త్యాగమేనని నేను గట్టిగా నమ్మాను. నా బెల్టు అదే రంధ్రంలో ఉంది. అది నేను చూసుకోలేదు.

మేస్త్రి బెల్టుకి మాత్రం కొత్త రంధ్రం పడింది. డ్రిల్లింగ్ మిషను మీద ఆయనే వేసుకున్నారు. తర్వాత ఇంకొకటి. వదులు ఖాకీ చొక్కా వల్ల పైకి అంతగా తెలిసేది కాదు గానీ, మొహం పీక్కుపోయింది. "కుర్రాడిలా అయ్యేరు మేస్త్రీ" అన్నాను. ఆయన మురిసిపోయారు. వారానికోసారి నా కొట్లో గ్యాస్ బిళ్ళలు తీసుకునేవారు. నా చేత్తోనే ఇచ్చాను. తిండి తగ్గించాం కదా, ఖాళీ కడుపుకి గ్యాస్ పట్టడం మామూలేనని పైగా సలహా కూడా చెప్పాను. ఇరవై ఏళ్ళుగా మందులమ్ముతున్నవాణ్ణి. ఎన్నాళ్ళనుంచి నొప్పి అని ఒక్కసారి అడగలేదు. డాక్టరుకి చూపించండి అని రోజుకి పది మందికి చెప్పే నోరిది.

ఈ ఏడు పందెం ముందు తూకంలో రెండు వందల తొంభై ఎనిమిది. నేను పడవలో ఉన్నాను. మొదటి మలుపు దగ్గర ముందున్నాం. చివరి మలుపు దగ్గర ఒక పడవ మమ్మల్ని దాటింది. పడవ పొడవంత తేడాతో రెండో స్థానం. మేమెప్పుడూ అంత ముందుకి రాలేదు. గీత దాటాక మేస్త్రి నా వైపు తిరిగి, "నువ్వు కూకున్నావు గనక నిలబడ్డాది" అన్నారు. నా జన్మలో నన్ను ఎవరూ అంతగా మెచ్చుకోలేదు. తిరుగు దారిలో లారీలో, ఎప్పుడూ పందెం మొత్తం మొదట్నుంచి మళ్ళీ చెప్పే మనిషి, కూర్చున్నవారు కూర్చున్నట్టే నిద్రపోయారు. అలిసిపోయేరు, పడుకోనీ అని నేనే సత్తిబాబుని నోరు మూయించాను.

వారానికి నొప్పి ఎక్కువై విశాఖ తీసుకెళ్ళారు. కడుపులో గడ్డ ఎన్ని నెలలుగానో పెరుగుతోందని, ఇప్పుడు చెయ్యగలిగింది తక్కువని డాక్టర్లు అన్నారు. పద్దెనిమిది రోజులు. అంతే. ఈ వాక్యం ఇంత చిన్నగా ఉండటం నాకు ఇప్పటికీ అన్యాయంగానే ఉంది.

ఆయన పోయిన పదకొండో రోజున వదిన నన్ను పక్కకి పిలిచింది. ఏడవలేదు. నేల చూస్తూ మెల్లగా చెప్పింది. "అన్నం సగం ఒగ్గేస్తంటే పందెం కోసం కావాలనే ఒగ్గేస్తన్నారనుకున్నాను బాబూ. ఆయనా అలాగే అన్నారు. మీరందరూ సంబరపడతన్నారు కదాని, నేనూ కంచంలో తక్కువే పెట్టేను." ఆవిడ తప్పేమీ లేదని చెప్పాలని తెలుసు. చెప్పలేకపోయాను. చెప్తే నా తప్పూ లేదని చెప్పుకున్నట్టవుతుంది.

ఆ సాయంత్రం కొట్టు కట్టే ముందు బరువు మిషను ఎక్కాను. తొంభై ఆరు. దిగి మళ్ళీ ఎక్కాను. అప్పారావునీ సత్తిబాబునీ పిలిపించి ఎక్కమన్నాను. వాళ్ళ బరువులు వాళ్ళకి గుర్తే. ఇద్దరూ ఎప్పుడూ ఉండేంతే ఉన్నారు. మా ముగ్గురిలో ఎవరం ఒక్క కిలో తగ్గలేదు. తగ్గిన పదకొండు కిలోలూ ఒక్క మనిషివే. సత్తిబాబు గుమ్మంలోనే కూలబడి తల పట్టుకున్నాడు. ఒక మనిషి మా కళ్ళ ముందు కరిగిపోతుంటే మేం ఆయన భుజాలు పట్టుకుని నిలబడి కేకలు పెట్టాం. ఆయన దయతో నన్ను సిగ్గుపడకుండా కాపాడాలని పెట్టిన పద్ధతే, ఆయన్ని మాకు కనపడకుండా చేసింది. ఇది రాస్తుంటే ఇంకా నమ్మకం కలగడం లేదు.

అస్థికలు సముద్రంలో, ఆ పడవ మీంచే కలపాలనుకున్నాం. కర్మ చేసిన మేస్త్రి తమ్ముడికి నీళ్ళంటే భయం. జెట్టీ దాకా వచ్చి, ఊగుతున్న పడవని చూసి, కుండ మా చేతికిచ్చి వెనక్కి నడిచాడు. అప్పుడు వదిన ముందుకొచ్చింది. ఇన్నేళ్ళలో ఆవిడ ఆ పడవలో కాలు పెట్టలేదు. "నేనొస్తాను" అంది. వద్దనబోయిన బంధువుల వైపు చూడనైనా చూడలేదు.

చెయ్యి పట్టుకుని దించాను. ఎవరు కాలు పెట్టినా ఒక్కసారి కుంగి లేచే పడవ అది. వదిన దిగితే కదల్లేదు. నా చేతిలో ఆవిడ మణికట్టు చుట్టూ నా వేళ్ళు కలిసి ఇంకా మిగిలాయి.

చుక్కాని అప్పారావు పట్టుకున్నాడు. గాలి మెల్లగా ఉంది. ఒడ్డు బాగా వెనకపడ్డాక పడవని గాలికి ఎదురు తిప్పాడు. తెరచాప టపటపా కొట్టుకుని, పడవ నిలిచిపోయింది. వదిన అంచు మీద వంగి, రెండు చేతులతో కొంచెం కొంచెంగా నీళ్ళలో వదిలింది. ఖాళీ కుండ కూడా వదిలేసింది. ఆవిడ భుజం ఎముక చీర మీంచి కనిపిస్తోంది. నాలో ఏదో ఊరుకోలేదు.

"వదినా, అన్నం తింటన్నావా?"

ఆవిడ నీళ్ళనే చూస్తూ ఉంది. పొరబాటు మాట అన్నానేమోనని సత్తిబాబు నా వైపు చూశాడు. నేను మళ్ళీ అడిగాను.

"లేదు బాబూ," అంది చివరికి. "దిగడం లేదు."

"ఎన్నాళ్ళనుంచి?"

"ఆస్పత్రికెళ్ళిన కాణ్ణుంచి."

అప్పారావు చుక్కాని తిప్పాడు. తెరచాప నిండి పడవ ఒడ్డుకి మళ్ళింది. నేను వదిన పక్కన కూర్చుని నిన్న పొద్దున్న ఏం తిన్నదీ, మధ్యాహ్నం ఏం తిన్నదీ, నొప్పి ఎక్కడైనా ఉందా అనీ ఒక్కొక్కటే అడుగుతూ వచ్చాను. ఆవిడ ఒక్కొక్కదానికే జవాబు చెప్తూ వచ్చింది. వేళ్ళకంటిన బూడిద అలాగే ఉంది, కడుక్కోలేదు.