చంపాపేటలో మూడు నిద్రలు

నా చిన్నప్పుడు ఇల్లు కొనడం మగవాళ్ల పని, ఆ ఇంట్లో బతకడం ఆడవాళ్ల పని. ఈ మాట ఇప్పుడు చెబితే మనవలూ మనవరాళ్లూ నవ్వుతారు. నాకు మాత్రం నవ్వు రాదు. అరవై దాటాక కోపం తగ్గించుకోవాలని డాక్టరు ప్రతిసారీ చెబుతాడు. నేనూ తల ఊపి వస్తాను. కానీ ఆ ఎండాకాలం గుర్తొచ్చిందా, అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

అప్పుడు మేము ఛత్రినాకలో అద్దెకుండేవాళ్లం. ఒకే వాకిట్లో నాలుగు సంసారాలు. వీధి మలుపులో ఉన్న ఒక్క నల్లానే అందరికీ దిక్కు. మా బాపు సర్కారు కార్ఖానాలో ఫిట్టరు. ఇంటివాళ్ల అబ్బాయికి పెళ్లి కుదిరింది, అర్రలు ఖాళీ చేయమన్నారు. ఇంకో అద్దె ఇల్లు వెతికేది లేదు, సొంతిల్లే కొంటానని బాపు పంతం పట్టాడు. అంతవరకు బాగానే ఉంది.

రెండు ఇళ్లు దొరికాయి. ఒకటి సైదాబాదులో, రెండోది దాని పక్కనే ఉన్న చంపాపేటలో. సైకిల్ మీద పోతే ఒకటి దాటగానే రెండోది వచ్చేది. ధర కూడా ఇంచుమించు ఒకటే. సైదాబాదు ఇల్లు ఇరుకు. గోడకు గోడ, వాకిలి అనేదే లేదు. అయితే నల్లా ఇంట్లోనే ఉంది, వీధి చివర బస్సు ఆగుతుంది. చంపాపేట ఇంటికి పెద్ద వాకిలి, వాకిట్లో జామచెట్టు, వెనక ఇంకో రెండు అర్రలు వేసుకునేంత జాగా. నల్లా మాత్రం లేదు. నీళ్లు కావాలంటే రాళ్ల దారిలో గల్లీ ఆ చివరనున్న బావికి పోవాలి.

ఆదివారం వస్తే చాలు, బాపు, మా చిన్నాయన, బాపుతో పనిచేసే ఒక దోస్తు సైకిళ్లెక్కి ఇళ్లు చూడటానికి పోయేవాళ్లు. దారిలో మిర్చి బజ్జీలు తిని, మధ్యాహ్నానికి తిరిగొచ్చి మంచం మీద కూర్చుని లొల్లి మొదలుపెట్టేవాళ్లు. తలుపు ఏ దిక్కుకుంది, రేపు స్కూటర్ కొంటే ఎక్కడ పెట్టాలి, గోడ మందమెంత. ఇవే మాటలు. అమ్మ లోపల చాయ్ కాచి గ్లాసులు తెచ్చిచ్చేది, ఖాళీ గ్లాసులు తీసుకుపోయేది. ఆ రెండిళ్లలో ఒక్కటి కూడా ఆమె చూడలేదు. నువ్వూ వచ్చి చూస్తావా అని అడగాలని ఆ ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. బర్రెను కొనేటప్పుడు కూడా పాలు పిండే మనిషిని వెంట తోలుకుపోతారు!

అమ్మ సంగతి తెలియని వాళ్లయితే సరేననుకుందును. అంతకు ముందు యేడే అమ్మకు కడుపు పోయింది. వీధి నల్లా దగ్గరి నుంచి నిండు బిందె తెస్తూ గుమ్మంలోనే కూలబడిపోయింది. జచ్చాఖానాలో, అదే కాన్పుల దవాఖానాలో, డాక్టరమ్మ బాపును నిలబెట్టి, నా ఎదుటే చెప్పింది. లోపల గర్భసంచి జారి ఉందనీ, ఇక ఈ మనిషి బరువులెత్తకూడదనీ, ఎత్తితే ప్రాణం మీదికి వస్తుందనీ. బాపు తలొంచుకుని విన్నాడు. ఇంటికొచ్చాక కొద్దిరోజులు తనే నీళ్లు తెచ్చాడు. ఆ తర్వాత డ్యూటీ అన్నాడు, ఓవర్‌టైం అన్నాడు. బిందె మళ్లీ అమ్మ నడుం మీదికే వచ్చింది. నేను సగం బిందె మోయగలిగేదాన్ని. మిగతాదంతా అమ్మే.

ఇంత జరిగినా బాపు చంపాపేట ఇల్లే ఖాయమన్నాడు. నాయనమ్మ ఒక్కతే నీళ్ల సంగతేందని అడిగింది.

"నల్లా లైను వస్తదంటనే అమ్మా, ఫికర్ జెయ్యకు. అందాక బాయి ఉండనే ఉండె" అన్నాడు బాపు.

బావి నుంచి ఇంటిదాకా నీళ్లు వాటంతటవే నడిచొస్తాయన్నట్టు చెప్పాడు. అమ్మ గ్లాసులు ఏరుకుంటూ ఆ మాట వింది. ఆమె మొహం నేను చూశాను. ఏమీ లేదు ఆ మొహంలో. నాకు ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమొచ్చింది. ఏడుపు కాసేపే ఉంది.

మర్నాడు పొద్దున నాయనమ్మ పూజ చేసుకుని వచ్చి, బాపును పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. కొత్త జాగా కొనేముందు అక్కడ మూడు నిద్రలు చేయాలంది. అది అందరికీ తెలిసిందే, బాపు సరేనన్నాడు. అప్పుడు అసలు మాట చెప్పింది. ఆ మూడొద్దులూ ఇంటికి కావలసిన నీళ్లు ఇంటి యజమానే మోయాలట. ఇంకెవరు ముట్టినా మైసమ్మ ఒప్పుకోదట.

"గిట్ల నేనెన్నడు ఇనలే గదనే" అన్నాడు చిన్నాయన.

"నువ్వెన్నడు ఇల్లు గొన్నవురా ఇనెతందుకు?" అంది నాయనమ్మ.

మా బాపు మైసమ్మ గద్దెకు దండం పెట్టనిదే సైకిల్ పెడలు మీద కాలు వేయడు. ఇక కాదనలేకపోయాడు. ఆ ఇల్లు అమ్మేవాళ్లు తాళంచెవి ఇచ్చారు. స్టవ్వూ పరుపులూ నాలుగు గిన్నెలూ రిక్షాలో వేసుకుని మేమంతా చంపాపేట పోయాం. అమ్మ ఆ ఇంటిని చూడటం అదే మొదటిసారి.

మొదటి రోజు బాపు జోరు చూడాలి! లుంగీ ఎగ్గట్టి, భుజాన తువ్వాలు వేసుకుని, ఇత్తడి బిందెతో పెళ్లి ఊరేగింపులా బయల్దేరాడు. నేను వెంట పోయాను. బావి దగ్గర ఆడవాళ్లు పక్కకు జరిగి చోటిచ్చారు. ఒకామె తన చేంతాడు ఇచ్చింది, ఇంకొకామె తనే తోడి బిందె నింపింది. ఏడాది పొడుగునా వీధి నల్లా దగ్గర నిలబడిన మా అమ్మకు ఒక్కనాడైనా ఎవరు జరిగి చోటిచ్చారు? తిరిగొస్తుంటే అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన, "క్యా భాయ్, ఆజ్ బీవీకో ఛుట్టీ హై క్యా?" అని, ఇవాళ పెళ్లానికి సెలవా అన్నట్టు నవ్వాడు. ఇది మా రివాజు, ఇంటి ఆచారం అని బాపు గర్వంగా చెప్పాడు. సాయంత్రం చూడటానికొచ్చిన దోస్తు శభాష్ అని వీపు తట్టాడు. నిండు బిందె మోసినందుకు శభాష్! నాకు ఒళ్లు మండిపోయింది.

నాయనమ్మ మాత్రం నీళ్లను ఏమాత్రం పొదుపు చేయలేదు. కొత్త జాగా శుభ్రంగా ఉండాలని అర్రలన్నీ కడిగించింది. అందరికీ తలస్నానాలన్నది. దుప్పట్లు నానబెట్టింది. బాపు వాకిట్లోని నీళ్ల హౌజులో పోసి వెనక్కి తిరిగేలోగా అది అడుగంటేది.

అమ్మ జామచెట్టు కింద కూర్చుంది. బిందె ముట్టుకోవద్దన్నారు గదా, ఆ పని తప్పింది. కాళ్లు చాపుకుని, జుట్టు విప్పుకుని ఆరబెట్టుకుంది. పగటి పూట మా అమ్మ కాళ్లు చాపుకుని కూర్చోవడం నేను అంతకు ముందు చూడలేదు. నన్ను పిలిచి ఒళ్లో పడుకోబెట్టుకుని పేలు చూసింది. ఏదో పాట సన్నగా కూనిరాగం తీసింది.

రెండో రోజు బాపుకు డ్యూటీ ఉంది. తెల్లారకముందే లేచి నీళ్లు మోసి, సైకిల్ తొక్కుకుంటూ పోయినా ఆలస్యమైంది, ఫోర్‌మన్ తిట్టాడు. సాయంత్రం మొహం మాడ్చుకుని వచ్చి మళ్లీ బిందె పట్టాడు. ఈసారి బావి దగ్గర జరిగి చోటిచ్చేవాళ్లెవరూ లేరు, కొత్త ముచ్చట పాతబడింది. ఇంట్లో కడిగిన గిన్నెలు చూసి అరిచాడు. "ఇన్ని నీళ్లేం జేస్తున్నరే మీరు? తాగుతున్నరా, పారబోస్తున్నరా?" నాయనమ్మ తొణకలేదు. "రోజు వాడేటియే బిడ్డా. నువ్వెన్నడన్న జూస్తెగదా" అంది.

మూడో రోజు పొద్దున గల్లీ మధ్యలో బాపు మెడ పట్టేసింది. బిందె కింద పెట్టి, రాయి మీద కూర్చుండిపోయాడు. చిన్నాయన సాయానికి ఉరికాడు గానీ, నాయనమ్మ గుమ్మంలోంచే ముట్టకు అని ఒక్క కేక వేసింది. బాపు లేచి, పళ్లు బిగబట్టుకుని ఆ బిందె ఇంటిదాకా తెచ్చాడు. ఆ రాత్రి మూడో నిద్ర చేసి, పొద్దున్నే ఛత్రినాక వచ్చేశాం.

ఆదివారం అందరూ మళ్లీ మంచం చుట్టూ చేరారు. మెడకు వేడి ఉప్పు మూట కట్టుకుని కూర్చున్న బాపు, చంపాపేట వద్దు, అక్కడ నీళ్ల తక్లీఫ్ ఉంది, సైదాబాదు ఇల్లే ఖాయమన్నాడు. ఆహా, అన్న ముందుచూపే వేరు అన్నాడు చిన్నాయన. సంసారమంటే గిట్ల ఆలోచించాలె అన్నాడు దోస్తు. బాపు ఆ పొగడ్తను హాయిగా తీసుకున్నాడు. అమ్మ చాయ్ గ్లాసులతో వచ్చింది.

నాకు పదకొండేళ్లు. పెద్దవాళ్ల మధ్య నోరెత్తే అలవాటు లేదు. ఆ రోజు ఎట్లా వచ్చిందో మాట, వచ్చేసింది.

"నీ మెడ నొస్తే ఇల్లే మార్చినవ్ బాపు. అమ్మకు కడుపు పోయింది గదా, అప్పుడేం మార్చినవ్?"

బాపు చెయ్యెత్తాడు. మెడ పట్టేసి ఉంది గదా, చెయ్యి సగంలోనే ఆగింది. ఆ తర్వాత దాన్ని అట్లాగే దించేశాడు. ఈ పిల్లకు నోరెక్కువైందన్నాడు చిన్నాయన. నాయనమ్మ నా రెక్క పట్టుకుని బయటికి లాక్కుపోయింది. తంతుందనుకున్నాను. గోడ పక్కన నిలబెట్టి, నా కళ్లు తుడిచి, మెల్లగా చెప్పింది.

"యజమాని నీళ్లు మొయ్యాలనే రివాజు ఏడ లేదు బిడ్డా. నేనే పుట్టిచ్చిన."

డాక్టరమ్మ చెప్పిందని నేరుగా అడగొచ్చు గదా అన్నాను.

"అడిగిన. నా కాలంల మీ తాతను అడిగిన, ఇప్పుడు మీ బాపును అడిగిన. నా మాట ఎవలిన్నరు? మైసమ్మ పేరు జెప్తే ఒక్క మాటకే బిందె వట్టిండు."

అందరూ ఈ కథ వింటే నాయనమ్మ తెలివిని మెచ్చుకుంటారు. నేనూ మెచ్చుకుంటాను. కానీ కోపం కూడా వస్తుంది, ఏం చేయను? తల్లి నోటి మాటగా చెల్లనిది దేవత నోటి మాటగా చెల్లే ఇల్లేమిటి అసలు? ఆడది బతకడానికి మైసమ్మను సాక్ష్యం తేవాలా?

సైదాబాదు ఇంటికి మారాం. మొదటి రోజు పొద్దున నల్లా వచ్చింది. వంటింట్లో కిటికీ లేదు, పగలే బల్బు వేసుకోవాలి. అమ్మ నల్లా కింద బిందె పెట్టి నిలబడింది. నాకేమో మనమే గెలిచామని సంబరం. నీకు ఈ ఇల్లే ఇష్టం గదా అమ్మా అని అడిగాను. ఆ ప్రశ్న ఆమెకు కొత్త. బిందెలో పడుతున్న నీళ్లను చూస్తూనే చెప్పింది.

"నాకు చంపాపేట ఇల్లే మస్తు నచ్చింది బిడ్డా. ఆ వాకిలి, ఆ జామచెట్టు. మీ బాపు మూడొద్దులు మోసిండు గదా, గట్లనే మోస్తె అయిపోవు గదా."

నేను బిత్తరపోయాను. బాపు ఇల్లు మార్చాడు. నాయనమ్మ ఇల్లు మార్పించింది. నేను అందరి ముందు గొంతు చించుకుని అరిచాను. అమ్మకు కావలసింది ఇల్లు మారడం కాదు, బిందె మోసే మనిషి మారడం. అది మాత్రం మేమెవరమూ ఆమెను అడగలేదు. చంపాపేట వాకిట్లో కాళ్లు చాపుకుని కూర్చున్న ఆ మూడు రోజులూ అమ్మ ఆ ఇంట్లో తన బతుకును ఊహించుకుని ఉంటుంది.

బిందె నిండింది. వంటింట్లోకి తీసుకుపోవాలని అమ్మ అలవాటుగా వంగింది. నల్లా ఇంట్లోకి వచ్చినా బిందె ఎత్తేది ఆమేనన్నమాట! బాపు అక్కడే, నాలుగడుగుల దూరంలో పేపర్ చదువుకుంటున్నాడు.

"బాపూ, బిందె!" అని అరిచాను.

బాపు తలెత్తి నన్ను చూశాడు. నేనూ కళ్లు దించలేదు. పేపర్ మడిచి పక్కన పెట్టి, వచ్చి, బిందె ఎత్తి వంటింట్లో పెట్టాడు. మర్నాడు మళ్లీ అరిచాను, మళ్లీ లేచాడు. పిలిచిన రోజు లేచాడు, పిలవని రోజు లేవలేదు. అందుకని పెళ్లయి వెళ్లేదాకా ప్రతి పొద్దునా పిలిచాను. మా అమ్మ ఆ కిటికీ లేని వంటింట్లోనే ముసలిదైపోయింది.

ఆ కేక నా గొంతులో అట్లాగే ఉండిపోయింది. రివాజులు పుట్టించే ఓపిక నాకు లేదు, దేవతలను మధ్యలోకి లాగను. నోటితోనే అడుగుతాను. గయ్యాళి అంటారు, అననీ.

పోయిన నెల మా అబ్బాయి రెండు ఫ్లాట్ల ఫొటోలు ఫోన్‌లో తెచ్చి నా పక్కన కూర్చున్నాడు. రెండూ పక్కపక్క కాలనీలే. పార్కింగ్ అన్నాడు, లిఫ్ట్ అన్నాడు, ఏది బాగుందో చెప్పమన్నాడు. కోడలు వంటింట్లో చాయ్ పెడుతోంది. ఆ అమ్మాయికి ఏది నచ్చిందిరా అన్నాను.

"తనకు ఏదైనా ఒకటేనమ్మా."

"అడిగినవా, నువ్వే అనుకున్నవా?"

వాడు ఫోన్ పక్కన పెట్టి లేచాడు. వంటింటి వైపు నడుస్తుంటే వెనక నుంచి కేకేశాను.

"పొయ్యేటోనివి, ఆ చాయ్ గూడ నువ్వే వట్టుకరా!"