తేళ్లకు గడువిచ్చిన మా బావ

మా బావ పోయాడని పలాస నుంచి ఫోను వచ్చినప్పుడు నేను అక్కుపల్లి పడవల దగ్గర చేపలు బేరమాడుతున్నాను. బేరం సగంలో వదిలేసి వచ్చేశాను. కిడ్నీ జబ్బుతో పోయాడు. మా ఉద్దానంలో ఆ మాట చెబితే ఇంకెవరూ ఏమీ అడగరు. చర్చి వెనక సమాధుల తోటలో పెట్టి వచ్చాం.

ఆయన నా భార్యకు అన్న, జీడితోట రైతు. పిక్కలు రాలే కాలానికి ముందు మేమంతా చెట్ల కింద ఎండుటాకు ఊడ్చి, కుప్పపోసి, వెంటనే అగ్గి పెడతాం. బావ మాత్రం కుప్పను కర్రతో కదిపి మర్నాటిదాకా ఆగేవాడు.

"తేళ్లకి నోటీసిత్తన్నావేటి బావా?" అని నేను ఎగతాళి చేసేవాడిని.

"ఆటి ఇల్లు కాల్సేత్తన్నాం. సామాను సర్దుకోనీవా?" అనేవాడు.

ఆ కుప్పల దగ్గరే ఆయన పక్కన చతికిలబడి నా కూతురు పెరిగింది. నా చదువు ఏడో తరగతితో ఆగింది. అదేమో పురుగూపుట్రా చదువు చదివి, ఎక్కడో ఎడతెగని వానలు కురిసే అడవిలో, కుళ్లిన ఆకుల కింద, ఇంతవరకూ ఎవరూ గుర్తించని తేలును పట్టుకుంది. ఇంత దుఃఖంలోనూ ఈ ముక్క రాస్తుంటే నా ఒళ్లు పొంగిపోతోంది. దాచుకోవడం నా వల్ల కాదు.

అయితే అది కొత్త జాతేనని ఆ చదువులో పెద్దలు ఒప్పుకోవాలి. నెలలు పడుతుందంది. బావకు నెలలు లేవు. వెళ్లినప్పుడల్లా డయాలసిస్ మంచం మీద నుంచి, "నానుండగా సెబుతారా ఆల్లు?" అని అడిగేవాడు.

"దానికి నీ పేరే పెడతాను మావయ్యా" అంది నా కూతురొకసారి.

"నా పేరెందుకే? నాను ఆ అడివి గుమ్మం తొక్కనేదు. ఆ అడివి పేరే ఎట్టు."

ఒప్పుకున్నారని తెలిసిన రోజు నేనూ కూతురూ టెక్కలిలో బస్సెక్కి పలాస వెళ్లాం. దారంతా పక్కవాళ్లకి చెబుతూనే ఉన్నాను. బావ విని, కళ్లు మూసుకుని దేవునికి స్తోత్రం చెప్పాడు. తర్వాత అడిగాడు.

"మరి దాన్ని ఒగ్గేసినావా పాపా?"

అది తల వంచుకుంది. "లేదు మావయ్యా. రుజువు కోసం స్పిరిట్ సీసాలో ఉంచాలి."

"ఎన్నాల్లు?"

"ఎప్పటికీ."

బావ తన చేతిలోకి దిగిన గొట్టాల వంక చూసుకున్నాడు. "సర్లే. దాన్నీ కట్టీసినారు, నన్నూ కట్టీసినారు" అని నవ్వాడు. నా కూతురు ఏడ్చింది.

"మిగతాయి ఉన్నాయా?"

"అడవిలోనే ఉన్నాయి" అని అక్కడ తీసిన ఫొటో ఫోనులో పెట్టి చేతికిచ్చింది.

పక్క మంచం మీద సముద్రంలో చేపల వేటకెళ్లే ఆయన ఒకడు. "తేల్ని కనిపెట్టడానికి సదువెందుకు మావా? మా ఇంట్లోకి ఆటంతటవే వత్తాయి" అన్నాడు.

"వత్తే సెప్పుతో కొట్టినావు గానీ, దాని మొకమెప్పుడైనా సూసినావేటి?"

అంటూ బావ గొట్టాల్లేని చేత్తో ఫోను అటు చాచాడు. గొట్టాలు సాగినంత మేర ఇద్దరూ ఒకరివైపొకరు ఒరిగారు. వాళ్ల తలల మధ్య ఆ చిన్న వెలుగులో, బియ్యపు గింజల్లాంటి తెల్లటి పిల్లల్ని వీపు నిండా మోస్తూ, తడి ఆకు మీద తల్లితేలు.