అక్క కథానాయిక అయిన రోజులు

మొన్న దసరాకు అక్కా నేనూ జగదల్‌పూర్‌లో నా మనవరాలి ఇంటికి వెళ్లాం. నగర్‌నార్ ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేస్తున్న ఆ పిల్లకు సెలవు దొరకడమే గగనం కనుక, దొరికిన ఆ ఒక్క మధ్యాహ్నం మా ఇద్దరినీ కూర్చోబెట్టి టీవీలో ఓ సినిమా పెట్టింది. పాతకాలపు మోసగాళ్ల కథ. పొడుగాటి కార్లు, ముత్యాల దండలు, ఎదుటివాణ్ణి నిలువునా ముంచుతున్నా ఇస్త్రీ మడత నలగని దొరబాబులు. నేను మధ్యమధ్య కునుకు తీస్తూనే ఉన్నాను కానీ, అక్క మాత్రం రెప్ప వేయకుండా, పెదవి కొసన చిన్న నవ్వుతో చూస్తోంది. ఆ నవ్వు చూశాక నా నిద్ర పూర్తిగా పోయింది. పదహారేళ్ల వయసులో నా కడుపులో పుట్టిన మంట చల్లారిందనుకున్నాను, చల్లారలేదు.

శబరి ఒడ్డున ఉన్న మా కుంట ఊళ్లో నాన్నది బట్టల దుకాణం. ఇంట్లో తెలుగు, దుకాణంలో హిందీ, సంతలో దోర్లీ, ఇలా పూటకో భాష మాట్లాడే ఊరు. సినిమా చూడాలంటే భద్రాచలం దాకా పోవాలి కాబట్టి, మీలో చాలామందికి మల్లే మాకూ అది ఏడాదికో పండగ. అలాంటి ఊరికి ఒక చలికాలం, దుమ్ము కొట్టుకుపోయినా దర్జా తగ్గని నల్లకారులో ఒక జంట దిగింది. మద్రాసు నుంచి వచ్చామనీ, పాతకాలపు జమీందారుల కథ తీస్తున్నామనీ, పెళ్లి ఘట్టానికి శబరి ఒడ్డు తప్ప మరోచోటు పనికిరాదనీ చెప్పారు. ఆయన తెల్లటి పంట్లాంలో ఇసుక మీద నడిచినా మరక అంటేది కాదు. ఆమె మాట్లాడుతుంటే మా ఆడవాళ్లంతా చేతిలో పని మరిచిపోయేవారు.

దుకాణానికి బట్టలు చూడవచ్చిన ఆమె, తానులు అందిస్తున్న మా ఇద్దరిలో అక్క ముందు ఆగిపోయి, నాన్న వైపు తిరిగి, “ఈ కళ్లను ఇన్నాళ్లూ ఈ అడవిలో ఎందుకు దాచారండీ?” అంది. అక్క పక్కనే, అదే తానులో కోసిన పావడాతో, అవే కళ్లతో నేనూ నిలబడి ఉన్నాను. ఆమె చూపు నా మీదుగా వెళ్లి గోడ మీది దేవుడి పటం మీద వాలింది.

పెళ్లికూతురు వేషం అక్కదే అయింది. రోజూ పొద్దున్నే కారు వచ్చేది. ఏటి ఒడ్డున అక్కకు తల దువ్వి, కాటుక దిద్ది, నడక నేర్పి, కెమెరా ముందు నడిపించేవారు. నాకు కూడా పని దొరికింది. “నువ్వు గొడుగు పట్టుకో తల్లీ, అక్క ముఖానికి ఎండ తగలకూడదు” అందామె. గొడుగు పట్టుకుని నేను నల్లబడుతుంటే, నీడలో అక్క రోజురోజుకీ మెరిసిపోయింది. ఇంట్లో అమ్మ కూడా అక్కకే మీగడ వేసేది. నాకు జ్వరం వచ్చినా బాగుండును, ఎవరైనా నా వైపు చూస్తారు అనిపించేది.

జమీందారీ పెళ్లికి పాతనగలు కావాలన్నారు. మా వీధిలో ఒకరిని చూసి ఒకరు, మా అమ్మ వడ్డాణంతో సహా, పెట్టెల్లోంచి తీసి ఇచ్చారు. చివరి రోజు సాయంత్రం ఆమె అక్క మెడలోని కాసులపేరు విప్పబోయి, మళ్లీ సర్ది, “ఇది నీ దగ్గరే ఉండనీ” అని కారెక్కింది. మర్నాడు వాళ్లు రాలేదు. కారు దోర్నపాల్ రోడ్డు పక్కన ఖాళీగా దొరికింది. మనుషులూ నగలూ మళ్లీ ఎవరికీ కనబడలేదు.

ఆ కాసులపేరు మాదే. ఊళ్లో ఆ ఒక్కటే మిగిలింది. పక్కింటి అత్తయ్య మా గుమ్మంలో నిలబడి, “అందరియి పోయినయ్, నీదొక్కటి ఎట్ల మిగిలిందే? నీకు ముందే ఎరుకనా ఏంది?” అని అక్కను నిలదీసింది. నాన్న దాన్ని అక్క మెడలోంచి తీసి అత్తయ్య చేతిలో పెట్టాడు. భోపాలపట్నంలో కుదిరిన సంబంధం తప్పిపోయింది. అక్క పెళ్లి ఎంతో ఆలస్యంగా, ఎవరూ అంతగా మెచ్చని చోట జరిగింది. అయినా, చెప్పడానికి సిగ్గే కానీ, నాకు జాలి కన్నా ముందు కుళ్లే వచ్చేది. దొంగలు కూడా అక్క మెడనే వదిలిపెట్టారు మరి.

టీవీలో సినిమా అయిపోయాక, ఇన్నేళ్లూ అడగనిది అడిగేశాను, ఆ రోజుల్లో నీకు అనుమానం రాలేదా అని.

“ఎందుకు రాలేదే? కెమెరా తిరిగే చప్పుడే లేదని మొదటిరోజే అనిపించింది. అడిగితే ఆపేస్తరేమోనని అడగలే” అంది అక్క.

అమ్మ వడ్డాణం, అత్తయ్య ఏడుపు, తప్పిపోయిన సంబంధం అన్నీ గుర్తొచ్చి కోపం రావాలి. రాలేదు. అలాంటి పది పొద్దులు నాకూ దొరికి ఉంటే నేను మాత్రం అడిగేదాన్నా అనిపించింది.

ఇప్పుడు మోసాలన్నీ ఫోనులోనే. బ్యాంకు నుంచనీ, పోలీసు థానా నుంచనీ మా ఇద్దరికీ ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఆ గొంతులకు మనం ఎరుపో నలుపో, ముసలో పడుచో అక్కర్లేదు. మన ముఖం చూడాలన్న సరదా కూడా లేదు. నేను వెంటనే పెట్టేస్తాను. అక్క పెట్టదు. మీదే ఊరు నాయనా, అన్నం తిన్నావా అని తీరిగ్గా మొదలుపెడుతుంది. ఒకడెవడో పోయినవారం మోసం సంగతి మరిచిపోయి, తన చెల్లెలి పెళ్లి గురించి అరగంట చెప్పాడట. అక్క మురిసిపోతూ ఆ ముచ్చట చెబుతుంటే, పక్కన కూర్చుని, మోగుతుందేమోనని నా ఫోను వైపు చూసుకున్నాను.