గాటు పెట్టని గోడ

ఒక ఆడమనిషి మీద నేను వేసిన అబద్ధపు నిందని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. ఇక మొయ్యను. ముసలితనంలో అక్షరాలు దిద్దుకున్నాను కాబట్టి నా చేత్తోనే రాస్తున్నాను. మీరు జాలి పడనక్కర్లేదు. వినండి, చాలు.

నేను తాపీ మేస్త్రిని. భీమడోలు దగ్గర మా ఊరి చర్చిలో, రొట్టె, ద్రాక్షరసం పంచే బల్ల వెనక గోడకి కొత్త ప్లాస్టరింగు చెయ్యమన్నారు. గోడ నిండా పాత ఆయిల్ పెయింటు. అలాంటి గోడకి ముందు రంగు గీకాలి, సుత్తితో దగ్గరదగ్గరగా గాట్లు కొట్టాలి, కడిగి సిమెంటు పాలు పుయ్యాలి. లేకపోతే పట్టదు. నాకు తెలియక కాదు. గోడ మధ్యలో ఎర్రరంగుతో వాక్యం రాసి ఉంది. అప్పట్లో చదవడం రాదు గానీ, అది దేవుడి మాట అని చిన్నప్పటినుంచీ తెలుసు. కొత్త గోడ మీద మళ్లీ రాయిస్తామని సంఘం పెద్దలు చెప్పారు. అయినా దాని మీద సుత్తి వెయ్యడానికి చెయ్యి రాలేదు. చుట్టూ గాట్లు కొట్టి, అక్షరాల మీద మాత్రం ఉత్త సిమెంటు పాలు పూసి ప్లాస్టరింగుతో కప్పేశాను. అందుకు నేనిప్పటికీ సిగ్గుపడను.

నెల తిరక్కుండా ఆ అక్షరాలున్నంత మేరా పెచ్చు ఊడి బల్ల మీద పడింది. మా పాస్టరు అయ్యగారు కబురు పెట్టారు.

“ఏం మేస్త్రిగారూ, ఇదేనాండీ పని?”

“కలిపిన చెయ్యి అలాంటిదండీ. సుందరమ్మ ఇసుక ఎక్కువేసింది.”

సుందరమ్మ నా దగ్గర సిమెంటు కలిపే మనిషి. అక్కడే పెళ్లలు ఊడుస్తోంది. తలెత్తింది.

“నేనా? గుప్పెడిసుక ఎక్కువ పడితే ఊరుకునే మనిషేనాండీ మీరు?”

అయ్యగారికి నవ్వొచ్చింది. నాకు ఒళ్లు మండింది.

“నోర్ముయ్యి. రేపట్నుంచి పనికి రాకు.”

ఊడిన చోట ఒక్క గాటు లేదు. ఎవరైనా చేత్తో తడిమితే తెలిసిపోయేది. ఎవరూ తడమలేదు. నా మాట నమ్మారు.

ఆ తరవాత ఆమెను ఏ మేస్త్రీ పనికి పిలవలేదు. కొల్లేటి చెరువుల మీద, ఐసులో చేతులు పెట్టి చేపలు సర్దే పనికి పోయింది. ప్రభుత్వం ఆ చెరువుల గట్లు తెగ్గొట్టించిన ఏడాది ఆ పనీ పోయింది. ఊరొదిలింది. ఎక్కడుందో తెలియదు.

దేవుడి భయంతో చేశావులే అంటారా? అనకండి. మర్నాడు చర్చి తలుపులేసుకుని, నా తప్పు బయటపడకుండా, అదే వాక్యం మీద గాట్లు కొట్టాను. ముందు రాని చెయ్యి పరువు కోసం ఎలా లేచింది? ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతున్నది అదే. జవాబు తెలిసే అడుగుతున్నాను.

క్షమించమని ఆమెను అడిగే మొహం లేదు. మిమ్మల్ని అడగాల్సిన పని లేదు. సుందరమ్మ ఇసుక ఎక్కువెయ్యలేదు. పెచ్చు ఊడింది నా వల్ల. రాశాక కాస్త ఊపిరాడుతోంది. ఇది మా సంఘంలో ఎవరైనా పైకి చదివినా సరే, ఆ పూట నేను ముందు వరసలోనే కూర్చుంటాను.