పాత బియ్యం అన్నం

పెళ్లయిన కొన్నాళ్లకే నాకు కడుపులో తిన్నది నిలవడం మానేసింది. మెలిపెట్టే నొప్పి, వెంటనే చెంబు పట్టుకుని పరుగు. కొత్త బియ్యం అసలు పడేవి కావు. మా అత్త సణుక్కుంటూనే నాకు చిన్న గిన్నెలో వేరేగా పాత బియ్యం వండి, వాము వేసిన మజ్జిగతో పెట్టేది.

పంతొమ్మిది వందల అరవైల్లో ఒక ఏడు, వరి కోతలయ్యాక, మా ఊరు బుచ్చి నుంచి నన్ను నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. సున్నపు నీళ్లలాంటి మందు తాగించి ఎక్స్‌రేలు తీశారు. డాక్టరు వాటిని వెలుతురుకు పట్టి చూసి, “ఏమీ లేదమ్మా” అన్నాడు. రాచపుండేమో, అదే క్యాన్సరేమోనని అన్నాళ్లూ వణికినదాన్ని, తిరుగు బస్సులో సంతోషంతో ఏడ్చాను.

ఆ సంతోషం ఇంటి గడప దాకానే. మా అత్త చిన్న గిన్నె తోమి అటక మీద పెట్టేసింది.

“ఏమీ లేదని డాక్టరే చెప్పినాడు గదా. ఇంక వేరే వంట దేనికి?”

ఆవిడ లెక్కలో పేరు లేని జబ్బు జబ్బే కాదు. కొత్త బియ్యం అన్నంలో చేపల పులుసు పోసింది. అదే తిన్నాను.

సాయంత్రం గడ్డివామి వెనక కడుపు పట్టుకుని ముడుచుకుపోయి ఉంటే, మా ఆడబిడ్డ వెతుక్కుంటూ వచ్చింది.

“ఏమైంది వదినా, ఈడ కూర్చున్నావు?”

“ఏమీ లేదు” అన్నాను.